సముద్రం వైపు తలుపు

జాలరిపేటలో చేపలమ్ముకునే తవిటమ్మ ఇంట్లో సముద్రం వైపున్న కిటికీ ఆ ఏడు తుఫానుకి ఊడిపోయింది. అంతకు ముందు ఏడే ఆమె మొగుడు పోలిరాజు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. అందుకని అతని అన్న వరహాలు, వడ్రంగి అప్పలసూరిని తీసుకొచ్చి, ఆ కంతకి బల్లలు కొట్టి మూసెయ్యమన్నాడు.

"మనోణ్ణి మింగేసినాది. దాని ముకం ఇంకా ఏటి సూత్తావమ్మీ?"

తవిటమ్మ కత్తిపీట పక్కకు నెట్టి లేచింది.

"అప్పలసూరన్నా, కిటికీ కాదు. గోడ కిందికంటా కొట్టించేత్తాను. రెండు రెక్కల తలుపెట్టు."

"ఉప్పుగాలికి తలుపు ఆగదమ్మా."

తవిటమ్మ పెరట్లో బోర్లించి ఉన్న పోలిరాజు పాత పడవను చూపించింది.

"ఆ సెక్కలతో సెయ్యి. ఇన్నేళ్ళూ ఉప్పునీళ్ళలోనే నానింది, గాలికి బెదిరిపోద్దేటి?"

తలుపు బిగించిన రోజు పేటంతా వింతగా చూసింది. వరహాలు మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు. తవిటమ్మ రెండు రెక్కలూ బార్లా తీసి, కత్తిపీట గుమ్మంలోకి లాక్కుని, సముద్రానికెదురుగా కూర్చుంది.

"నా మొగుణ్ణి ఎత్తుకుపోనాది అది, బావా. తలుపేసుకుని దాక్కోవాల్సింది నానేటి?"