చెంచా చప్పుడు

మా మేడమీద వాటాలో అక్కాచెల్లెళ్ళు ఉంటున్నారు. పోయిన పసిబిడ్డ గొంతును ఆ చెల్లెలే అక్క ఫోనులోంచి తుడిచేసిందని వీధంతా చెప్పుకుంటోంది. కింద వాటా కుట్టుమిషను ఆవిడైతే, “తనకి పిల్లల్లేరుగా, కుళ్ళు!” అని కొంగు అంచుకి జరీ కుట్టినట్టు ఇంకో ముక్క కూడా తగిలించింది. ఆ రోజు మెట్లెక్కి పైకి వెళ్ళింది నేను. ఉన్నదున్నట్టు చెప్పాల్సిందీ నేనే.

చెల్లెలిది ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేసే పని. కిటికీ పక్కన బల్ల, దానిమీద కంప్యూటరు, వరసగా పేర్చిన పాత ఫోన్లు. అడిగితే ఒక్క ముక్క చెబుతుంది, అడక్కపోతే అదీ లేదు. పసిపిల్లల గొంతులు దాచుకునే యాప్ ఒకటి వాళ్ళ కంపెనీ నడుపుతోంది. అక్కకి పాప పుట్టగానే ఫోనులో దాన్ని పెట్టించింది ఈ చెల్లెలే. పాప గుండెలో లోపంతో పుట్టింది, పళ్ళైనా రాకముందే వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్క ఆ యాప్ తెరవలేదు. అలాగని ఆ ఫోనుని చెయ్యి దాటనివ్వలేదు.

ఇంతలో కంపెనీవాళ్ళు ఆ యాప్ మూసేద్దామనుకున్నారు. మూసేస్తే వాళ్ళ దగ్గరున్న గొంతులన్నీ చెరిగిపోతాయి. అందుకని ముందుగా ఎవరి ఇంటి గొంతులు వాళ్ళు తమ ఫోనులోకి దించుకునే వీలు కల్పించాలి. ఆ పని చెల్లెలి మీద పడింది.

“ఒక్కటి పోయినా నేను బతకనే,” అంది అక్క.

“పోనివ్వను,” అంది చెల్లెలు.

పని అయిందనుకుని ఆ కొత్త వీలుని అందరికంటే ముందు అక్క ఫోనులోనే పెట్టింది. అక్క ధైర్యం కూడగట్టుకుని ‘అన్నీ దించుకో’ అన్నచోట నొక్కింది. గొంతులు దిగాయి. మొదటిది తెరిస్తే ‘టింగ్’మంది. రెండోదీ ‘టింగ్’. ఏది తెరిచినా గ్లాసుమీద చెంచాతో కొట్టిన చప్పుడే.

“నా బిడ్డేదే? తుడిచేశావా?”

ఆ కేక కింద మిషను దాకా దిగింది. వీధిలో పాకిన మాటకి విత్తనం అదే.

ఆరేసిన దుప్పటి ఎగిరి వాళ్ళ బాల్కనీలో పడిందని చెప్పి నేను పైకి వెళ్ళాను. దుప్పటి మా తీగమీదే ఉందనుకోండి. అక్క గది తలుపు వేసి ఉంది. చెల్లెలు బల్ల ముందు కూర్చుని ఉంది.

“ఏమయిందే తల్లీ? ఆ చెంచా ఎక్కడిది?”

“నాదే, పెద్దమ్మా. పరీక్షల కోసం మోగించి పెట్టుకున్నాను. పాప గొంతుతో ప్రయోగాలు చెయ్యడానికి మనసొప్పలేదు.”

“అది అక్క ఫోనులోకెలా దూరింది?”

నాకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది. “గొంతులు మూటకట్టే పనివాడు ఒకడున్నాడనుకో. ఏ గదిలోంచి తేవాలో వాడికి తెలీదు. తాళంచెవి నేనివ్వాలి. అప్పుడే పనివాణ్ణి మార్చకుండా గది మార్చుకోవచ్చు. పరీక్షలకి చెంచా చప్పుళ్ళున్న ఉత్తుత్తి గది తాళంచెవి ఇచ్చాను. ఒక్కొక్కటే దించుకునేచోట అసలుది పెట్టాను గానీ, అన్నీ ఒకేసారి దించుకునేచోట మార్చడం మర్చిపోయాను.”

“అంటే బొమ్మ డబ్బా చేతికిచ్చి బియ్యం కొలవమన్నావన్నమాట!”

“అంతే, పెద్దమ్మా.”

“మరి పాప గొంతు?”

“అసలు గదిలోనే ఉంది. ఎవరూ తాకలేదు.”

“ఆ ముక్క అక్కతో చెప్పవే, మొద్దూ!”

“చెప్తే నమ్మదు. వినిపించాలి.”

ఆ మాటా నిజమే. నేను తలుపవతల నుంచి, “పాప గొంతు క్షేమంగా ఉందటే!” అన్నాను. తలుపు తెరుచుకోలేదు.

చెల్లెలు మార్చాల్సినచోట మార్చింది. తన ఫోనులో అక్క ఖాతా తెరిచి, గొంతులు దించి, చెవుల్లో ఏదో పెట్టుకుని గోడవైపు తిరిగింది. వీపు ఒక్కసారి కదిలింది. తర్వాత లేచి వెళ్ళి తలుపు తట్టింది.

“అక్కా, ఇప్పుడు నొక్కు.”

తలుపు వారగా తెరుచుకుంది, చెల్లెలి ఫోను లోపలికి వెళ్ళింది, తలుపు మళ్ళీ మూసుకుంది. మేమిద్దరం బయటే నిలబడ్డాం. కింద మిషను చప్పుడు కూడా ఆగింది. లోపల చిన్న గొంతు ఒకటి ఊఁ అంది. వెంటనే అక్క ఏడుపు వినిపించింది. ఇందాకటి ఏడుపు కాదు అది.

నేను మెట్లు దిగబోయాను. కానీ అడక్కుండా దిగితే ఆ రాత్రి అన్నం సహించదు నాకు.

“ముందు నువ్వు విన్నావు కదూ?”

“వినాలిగా, పెద్దమ్మా. మళ్ళీ చెంచా మోగితే అక్క తట్టుకోలేదు. మొదటిదొక్కటే విన్నాను. అందులో నా గొంతు కూడా ఉంది. ‘పిన్నికి ఊఁ కొట్టవే’ అంటున్నాను. ఊఁ కొట్టింది. అక్కడ ఆపేశాను. మిగతావి అక్కవి.”