ఎడమచేతికి అందే పుస్తకాలు

కోరుట్లలో మా ఇంటి ముందుగదిలో ఒక అద్దాల షోకేస్ ఉంది. ఒకప్పుడు అందులో అమ్మీ పెళ్లినాటి చాయ్ కప్పులు, మా అన్న ఆదిల్‌కు కబడ్డీలో వచ్చిన షీల్డు, హజ్‌కు పోయినవాళ్లెవరో తెచ్చిచ్చిన గడియారం ఉండేవి. ఇప్పుడు వాటి జాగలో పుస్తకాలున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు చూసి ఈ ఇంట్లో బాగా చదివేవాళ్లున్నారనుకుంటారు. అవి చదువు కోసం కొన్నవి కావు. మాట పోయిన ఒక మనిషి కోసం కొన్నవి. ఆ మనిషి, మా అబ్బా గులాం మొహియుద్దీన్, పోయి ఏడాది దాటింది.

అబ్బాది బట్టల వ్యాపారం. సిరిసిల్ల నుంచి లుంగీలు, తువ్వాలలు, లంగాల గుడ్డ తెచ్చి రుద్రంగి, బోయినపల్లి అంగళ్లలో అమ్మేవాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. ఆ సాంచెల చప్పుడు మధ్య నిలబడి బేరమాడీ ఆడీ ఆయన గొంతు కూడా అంత పెద్దదయింది. అంగట్లో ఆయన దుకాణం ఎక్కడుందో ఎవరూ వెతుక్కునేవాళ్లు కాదు.

"రా అవ్వా, రా! గీ తువ్వాల నీకన్న ఎక్కువ దినాలు బతుకుతది!"

"నీ నోరు పాడుగాను సాయిబూ, పొద్దుగాల్నే నన్ను సంపుతున్నవా!" అని తిట్టుకుంటూనే ముసలమ్మలు వచ్చి కూర్చునేవాళ్లు.

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. ఇక్కడ మా మాటలను అబ్బా అంగట్లో మాట్లాడిన తెలుగులోనే రాస్తాను. ఒక్క మాటను మాత్రం అట్లాగే ఉంచుతాను. "సునో." విను అని అర్థం. మా ఇంట్లో అమ్మీ పేరు అదే. వాకిట్లో చెప్పులు విడుస్తూ "సునో" అంటే మంచినీళ్లు తెమ్మని. అన్నం ముందు కూర్చుని అంటే కూరలో ఉప్పు తక్కువైందని. ఊరికే అన్నాడంటే ఆ రోజు అంగట్లో జరిగిన ముచ్చట ఏదో చెప్పబోతున్నాడని. అమ్మీ అసలు పేరు మహమూదా బేగం అని నాకు బడిలో వేసిన రోజున తెలిసింది. పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం మా పెద్దవాళ్లలో లేదు. పదిమందిలో అసలే లేదు. అమ్మీ కూడా ఆయన పేరెత్తేది కాదు. "ఆదిల్ వాళ్ల అబ్బా" అనేది.

ఒక పొద్దున సిరిసిల్ల బస్సుకు తయారవుతూ అబ్బా అద్దం ముందే కూలబడ్డాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. కొన్నాళ్లకు కాలు కొంచెం తిరిగొచ్చింది గాని మాట రాలేదు. అంత గొంతులోంచి "ఆఁ" అన్న ఒక్క శబ్దమే మిగిలింది. దాహానికి అదే, కోపానికి అదే.

నేను జగిత్యాలలో తెలుగు టీచర్ని. అక్కడ మాటలు నేర్పించే డాక్టరమ్మ ఒకామె ఉందని తెలిసి అబ్బాను తీసుకుపోయాం. భవ్య అని చిన్నపిల్లే, ఓపిక ఉన్నది. బొమ్మలు చూపించింది, పాటలు పాడించబోయింది. చివరికి అమ్మీ వైపు చెయ్యి చూపించి, "ఈమె పేరు చెప్పు తాతా" అంది. అబ్బా తల దించుకున్నాడు. భవ్య ఉర్దూ వచ్చిన నర్సుతో కాగితం మీద నాలుగు పేర్లు రాయించి ముందు పెట్టింది. "నోటితోని వద్దు. వేలు పెట్టి చూపియ్యి, చాలు." అబ్బా చెయ్యి ఎత్తలేదు. భార్య పేరు గుర్తుపట్టడం లేదని ఆమె రాసుకుంది.

తిరుగు బస్సులో ఆదిల్‌కు నవ్వాగలేదు. "డాక్టరమ్మకు ఏం తెల్సు! మంచిగున్నప్పుడన్న ఎన్నడు చెప్పిండు గా పేరు?" అందరం నవ్వాం. అమ్మీ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంటికొచ్చాక వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అంది. "పేరు గీరు నాకెందుకు నిఖత్. సునో అన్న మల్ల అంటే చాలు. మీరంత అమ్మీ అంటరు. గది మీ పిలుపు. నా పిలుపు ఒకటుండె, గది పోయింది."

భవ్య ఒక సలహా ఇచ్చింది. ఇంట్లో బొమ్మలవీ, మాటలవీ పుస్తకాలు రకరకాలవి పెట్టి, చేతికి అందేటట్టు ఉంచాలని, ఏ మాట ఏ పేజీలో తగులుతుందో చెప్పలేమని. మరుసటి ఆదివారం అమ్మీని తీసుకుని జగిత్యాల టవర్ దగ్గర శంకరయ్య పుస్తకాల దుకాణానికి పోయాను. నేను పెద్ద తెలుగు నిఘంటువు తీసి పెట్టాను. పిల్లల కోసం వేసిన బొమ్మల విజ్ఞాన సర్వస్వం తీశాను. అట్లాసు తీశాను.

"టీచరమ్మా, గా నిఘంటువులు నాలుగు కొంటే ఇల్లు కట్టొచ్చు, ఇటుక అక్కర లేదు," అన్నాడు శంకరయ్య.

అమ్మీ ఏ పుస్తకాన్నీ తెరవలేదు. ఒక్కొక్కదాన్ని ఎడమచేత్తో లేపి, కొంచెంసేపు గాల్లో పట్టుకుని, పక్కన పెడుతోంది.

"ఏందమ్మా, పుస్తకాన్ని తువ్వాల జూసినట్టు జూస్తున్నవు?"

"తువ్వాలలు అమ్మెటాయన ఇంటిదాన్నే. ఒంటిచేత్తోటి లేస్తదా లేదా జూస్తున్న."

నిఘంటువు అక్కడే ఓడిపోయింది. అయినా నా మాట కాదనలేక కొననిచ్చింది.

చాయ్ కప్పులు పెట్టెలోకి పోయాయి, పుస్తకాలు షోకేసులోకి వచ్చాయి. సర్వస్వంలో మంచుమీద నిలబడ్డ పెంగ్విన్లను అబ్బా చాలాసేపు చూశాడు. "అబ్బా, గీల్లకు ఏ సైజు లుంగి అమ్ముతవు?" అన్నాడు ఆదిల్. అబ్బాకు సగం మూతితో నవ్వొచ్చింది. జబ్బుపడ్డాక అదే మొదటి నవ్వు. కానీ ఆ తర్వాత ఏ పుస్తకం ఒళ్లో పెట్టినా కాసేపటికి నెట్టేసేవాడు. ఒకసారి నిఘంటువు మంచం మీంచి పడి దాని అట్ట ఊడింది. అక్షరాలు కూడా పోయినట్టున్నాయని నేను భవ్యకు ఫోన్ చేసి చెప్పాను.

అమ్మీ నా మాట నమ్మలేదు. వెల్లుల్లి ఒలుస్తూ, బియ్యం ఏరుతూ, మంచం ఎదురుగానే కూర్చుని ఆయన చేతినే చూసేది. ఒకనాడు లేచి, "గిది చదువరాక కాదు, తిప్పరాక," అంది.

తెలుగు పుస్తకానికి పేజీ కుడి పక్కనుంచి తిప్పాలి. ఆయనకు కుడిచెయ్యి లేదు. ఎడమచెయ్యి అంతదూరం అడ్డంగా పోయి పేజీ అంచును పట్టేలోపు పుస్తకం జారేది. ఉర్దూ పుస్తకం అట్లా కాదు. మనకు వెనక అట్ట ఉండే వైపు నుంచి తెరుచుకుంటుంది, తిప్పాల్సిన పేజీ అంచు ఎడమ పక్కన ఉంటుంది. అమ్మీ లోపలికి పోయి తన పాత ఉర్దూ వంటల పుస్తకం తెచ్చి ఆయన తొడ మీద పెట్టింది. బిర్యానీ పేజీ తిరిగింది. ఖుబానీ కా మీఠా పేజీ తిరిగింది. ఆ మధ్యాహ్నమంతా అబ్బా ఆ పుస్తకాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

అప్పటి నుంచి అమ్మీ ఎంపికే ఎంపిక. శుక్రవారం జుమ్మా నమాజు నాడు మసీదు దగ్గర బండి మీద పుస్తకాలు అమ్మే షాకీర్ దగ్గర చిన్న ఉర్దూ నిఘంటువు కొన్నది. ఇంటి వైద్యం పుస్తకం కొన్నది. అబ్బా వాటిలో వేలు పెట్టి అల్లం అడిగేవాడు, దుప్పటి అడిగేవాడు. "తెలుగు టీచరమ్మ ఇంట్ల తెలుగు ఓడిపాయె," అని ఆదిల్ నన్ను ఏడిపించేవాడు. కావలసినవి అడగడం వచ్చింది గాని పిలవడం రాలేదు. అమ్మీ పక్కగదిలో ఉంటే, ఆమె ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తూ ఉండేవాడు.

చలికాలంలో ఆదిల్ భార్య ఫౌజియాకు నెలలు నిండుతున్నాయి. మా ఇంట్లో పిల్లలకు పేరు పెట్టేది ఇంటి పెద్ద. షాకీర్ దగ్గర పేర్ల పుస్తకం కూడా ఉంటే అమ్మీ చేతిలో తూచి తెచ్చింది. అర చెయ్యి వెడల్పు ఉంటుంది, బరువే లేదు. ఒకరోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఫౌజియా అబ్బా ఒళ్లో దిండు పెట్టి, దాని మీద ఆ పుస్తకం తెరిచింది.

"అబ్బా, పిల్లగాడైతే ఒకటి, ఆడపిల్ల అయితే ఒకటి. మీరే జూడుండ్రి. గీ ఆదిల్‌ను అడిగితే క్రికెటోల్ల పేర్లు చెప్తుండు."

అబ్బా తిప్పడం మొదలుపెట్టాడు. మగపిల్లల పేర్లన్నీ ఆగకుండా దాటిపోయాడు. ఆడపిల్లల పేర్లకు వచ్చాక మెల్లగా ఒక్కో పేజీ తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది. ఫౌజియా వంగి చదివింది.

"మహమూదా."

అమ్మీ కింద చాప మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులు ఆగాయి.

"గిది అమ్మీ పేరు గద అబ్బా! మనుమరాలికి గూడ గదే పెడ్తే, పిలిచినప్పుడల్ల ఇద్దరు ఉరికొస్తరు," అని ఫౌజియా నవ్వింది.

అబ్బా తల అడ్డంగా ఊపాడు. చిరాకుపడ్డాడు కూడా. మళ్లీ ఆ పేరు మీదే వేలు పెట్టాడు. తర్వాత ఆ వేలు ఎత్తి అమ్మీ వైపు చాచాడు. మళ్లీ పేరు మీదికి తెచ్చాడు.

అమ్మీ ముఖం మీదికి కొంగు లాక్కుంది. ఒళ్లోని చిక్కుడుకాయలు చాప మీద చెల్లాచెదురయ్యాయి. "సిగ్గన్న లేదా మీకు! కోడలి ముందట, పిల్లల ముందట, పేరు పెట్టి పిలుస్తరా? ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు!"

ఆయన పిలిచింది వేలితోనే. వినడానికి ఏముంది?

కొంగు తీయకుండానే లేచి మంచం దగ్గరికి పోయింది. "ఏం గావాలె? నీల్లా?" అని అడిగింది. ఆయనకు నీళ్లు వద్దు. మంచం పట్టె మీద చేత్తో తట్టాడు. అమ్మీ కూర్చుంది. ఆదిల్ నన్నూ ఫౌజియానూ సైగ చేసి బయటికి తీసుకుపోయాడు.

ఆ తర్వాత ఆ పుస్తకం ఎప్పుడూ దిండు పక్కనే ఉండేది. తువ్వాల అంచు చింపిన పీలిక ఒకటి ఆ పేజీలో ఉండేది. కావాలన్నప్పుడు అబ్బా అట్ట మీద వేళ్లతో తట్టేవాడు. వంటింట్లోంచి "అస్తున్న" అని అమ్మీ పలికేది. ఆయన పోయేదాకా అట్లాగే పిలిచాడు.

మనుమరాలికి జోహా అని పేరు పెట్టారు. అది ఇప్పుడు ఇల్లంతా నడుస్తోంది. షోకేసు అద్దం మీద అరచేత్తో కొట్టడం దానికి ఆట. మొన్న నేను పోయినప్పుడు కూడా కొడుతోంది. వంటింట్లోంచి "అస్తున్న" అన్నది అమ్మీ. అని, చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి, పిల్లను ఎత్తుకుంది.