గుమ్మడికాయ కింది తెల్లగీత

దేవకమ్మకు చలానా వచ్చింది, తనకు తెలియని తప్పుకు. సిగ్నలు కెమెరా తీసి ఫోనుకు పంపిన ఫొటోలో ఆమె ఆటో కూడలిలో ఆగి ఉంది. ఎర్రలైటు పడ్డాక అది దాటిందన్న తెల్లగీత మాత్రం ఎక్కడా లేదు. చక్రం కింద కుంకుమ పులిమిన గుమ్మడికాయ ముక్కలు, నలిగిన నిమ్మకాయలు ఉన్నాయంతే. స్టేషనుకు వెళ్లి చూపిస్తే, గీత వాటి కిందనే ఉందనీ, మరోసారి దాటితే లైసెన్సు ఆపేస్తారనీ అక్కడి మనిషి చెప్పాడు. వాదిస్తూ కూర్చుంటే ఆ పూట బాడుగలు పోతాయి. ఆమె జరిమానా కట్టేసి వచ్చింది. కనబడని గీత దాటావని వసూలు చేయడం అన్యాయం కాక మరేమిటి?

చిత్తూరులో ఆటో తోలే ఆడవాళ్లు కొద్దిమందే. మొగుడు పోయాక హ్యాండిల్ పట్టిన దేవకమ్మకు ఆ లైసెన్సే కూడు.

మర్నాటి నుంచి ఆమె గీత ఉండాల్సిన చోటును అంచనా కట్టి, ఇంకాస్త వెనకే ఆగసాగింది. ముందు జాగా ఖాళీగా ఉన్నా కదలకపోయేసరికి వెనకవాళ్లకు ఒళ్లు మండేది. ఒకటే హారన్లు. తోటి ఆటోవాడు చిన్నబ్బ పక్కకొచ్చి తల బయటపెట్టాడు.

"ఏమక్కా, బండి నిల్చిపోయిందా? తొయ్యాల్నా?"

"బండి బాగానే ఉండాది. నేనే నిలిపినాను. నడిచేవాళ్లను పోనీ."

ఆ ఖాళీలోంచి కూరగాయల గంపతో ఒక ముసలమ్మ నింపాదిగా రోడ్డు దాటింది. చిన్నబ్బ తల లోపలికి తీసుకున్నాడు.

అయినా అంచనాతో ఎన్నాళ్లు? కాణిపాకంలో కొత్త బండికి పూజ చేయించుకుని, దిష్టి పోవాలని ఈ కూడలిలో కాయ కొట్టేవాళ్లు బోలెడుమంది. దేవకమ్మా తన ఆటోకు ఇక్కడే కొట్టింది. అమావాస్యకు అంగళ్లవాళ్లు సరేసరి. బండి చల్లగా ఉండాలని కొట్టిన కాయే, బండి ఆగాల్సిన గీతను కప్పేస్తోంది!

ఆ అమావాస్యకు టైర్ల అంగడి కుప్పయ్య గుమ్మడికాయ ఎత్తబోతే ఆమె అడ్డం నిలబడింది. నాలుగు రోడ్లు కలిసేచోట కొట్టకపోతే దిష్టి పోదని ఆయన గొణిగాడు.

"నీ అంగడి దిష్టి వచ్చి నా లైసెన్సుకు తగులుకొనింది గదన్నా. కొట్టు, వద్దనలా. ఆ వారగా కొట్టు."

కుప్పయ్యకు నవ్వొచ్చింది. వారగానే కొట్టి, ముక్కలు తానే ఏరేశాడు.

తెల్లారి దేవకమ్మ పొరక తెచ్చి ఊడ్చింది. చిన్నబ్బ నీళ్లు పోశాడు. జిడ్డు వదిలాక బయటపడిన గీత సగం చెరిగిపోయి ఉంది. స్టాండు ఆటోవాళ్లంతా మున్సిపల్ ఆఫీసుకు తిరిగి తిరిగి దానికి కొత్త రంగు వేయించారు.

ఇప్పుడు ఎర్రలైటు పడితే బళ్లన్నీ తెల్లగీత వెనక వరసగా ఆగుతాయి. ఆ వరసలో ముందున్న రోజు దేవకమ్మ తలెత్తి కెమెరాలోకి సూటిగా చూస్తుంది, ఫొటో తీసుకోమన్నట్టు.

మీ ఊరి కూడలిలో గీత కనబడుతోందా? లేకపోతే ఈ వారమే పదిమంది కలిసి వెళ్లి అడగండి. ఉంటే, దాని వెనక ఆగండి. దిష్టికాయ కొట్టుకోండి, కాదనేదెవరు? ముక్కలు మాత్రం మీ చేత్తోనే తీసి పక్కన వేయండి.