రెండు వేళ్ళ జాగా

వోన్‌వాగెన్ కొన్న రోజు మా పాప చేసిన మొదటి పని, దాని వెనక నిలబడి నా మీద పెత్తనం చెలాయించడం. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లది. నేను కార్లో కూర్చుని ఒక్కో లైటూ వేయాలి, ఎడమదో కుడిదో, పనిచేస్తోందో లేదో తను వెనక నుంచి జర్మన్‌లో చెప్పాలి. "లింక్స్. రెఖ్ట్స్. బ్రేకు తొక్కు నాన్నా, బ్రేకు." నేను తొక్కడం ఆలస్యమైతే పరిగెత్తుకొచ్చి కారు అద్దం మీద టకటకా కొట్టింది. అప్పుడు తనకు తొమ్మిదేళ్ళు.

కరోనా వచ్చాక మొదటి ఎండాకాలం. విమానాల్లేవు, హోటళ్ళంటే భయం. జర్మనీ అంతా ఒక్కసారిగా ఈ చక్రాల ఇళ్ళ మీద పడింది. అందరూ ఏరుకోగా మాకు మిగిలింది మా పాప కంటే రెట్టింపు వయసున్న బండి. అమ్మిన పెద్దాయన మాస్కు గడ్డం కిందికి లాగి, లోపల కొంచెం వాసన ఉంటుంది, కిటికీలు తెరిచిపెడితే పోతుందన్నాడు. నేను నమ్మాను. కార్ల ఫ్యాక్టరీలో కొలతలు తీసి తప్పులు పట్టడం నా ఉద్యోగం అని చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది.

అంతకు ఏడాది ముందే నేనూ పాప వాళ్ళమ్మా విడిపోయాం. ఆమెకు డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పుల పరిశోధనలో ఉద్యోగం వచ్చింది, పాప ఆమెతో వెళ్ళింది. ఇంగోల్‌స్టాట్‌లో ఒంటిగది ఇంట్లో నేను మిగిలాను. పాప వస్తే సోఫా మీద పడుకోవాలి. పొద్దున లేచి మెడ పట్టేసిందని అనకుండా మెడ రుద్దుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే ఈ బండి. దీంట్లో తనకంటూ ఒక మంచం చేస్తానని, వచ్చే సెలవుల్లో మూడు వారాలు ఉత్తరాన సముద్రం దాకా తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఆ రోజే కొలత తీసుకున్నాను. బండిలో నేల మీద పడుకోబెట్టి, తల దగ్గర ఒక గీత, మడమల దగ్గర ఒక గీత పెన్సిల్‌తో గీశాను. కదలకమ్మా అంటే ఊపిరి కూడా బిగబట్టింది. మంచానికి ఆ పొడుగు సరిపోతుంది, కాళ్ళ దగ్గర రెండు వేళ్ళ జాగా వదిలితే చాలనుకున్నాను. మిగిలిన చోట తన రంగులకూ పుస్తకాలకూ అలమర. అలమరకు మూడు అరలు కావాలని తనే చెప్పింది.

ఆకులు రాలే రోజుల్లో వెనక కిటికీ కింద గోడను వేలితో నొక్కి చూశాను. వేలు లోపలికి పోయింది. పైన కాగితం బాగానే ఉంది, లోపల చెక్క మాత్రం చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కట్‌లా ఉంది. ఎన్నేళ్ళ వాన తాగిందో. ఊరి బయట ఒక రైతు షెడ్డులో చోటు అద్దెకు తీసుకుని బండిని అక్కడ పెట్టాను. గోడ విప్పాను, ఆరబెట్టాను, కుళ్ళిన బద్దలు తీసి కొత్తవి బిగించాను. ఫ్యాక్టరీలో పని గంటలు సగం చేశారు కాబట్టి తీరికకు కొదవలేదు. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డుకు వెళ్తే ఆదివారం సాయంత్రం వచ్చేవాణ్ణి.

డ్రెస్డెన్‌కు రైల్లో ఐదు గంటలు. ఎంత లాక్‌డౌన్ ఉన్నా, బిడ్డను చూడటానికి వెళ్ళే తండ్రిని ఎవరూ ఆపలేదు. పాప వాళ్ళమ్మ కూడా ఆపలేదు, నీకు వీలైన శనివారం రమ్మని రెండుసార్లు తనే ఫోన్ చేసింది. నేనే, కేసులు పెరుగుతున్నాయనీ, రైల్లో ఎవరు ఎలా దగ్గుతారో తెలియదనీ చెప్పాను. అది అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం అది కాదు. వట్టి చేతులతో వెళ్ళి వాళ్ళింట్లో చుట్టంలా కూర్చోలేను. బండి పూర్తి చేసి, తాళాలు చేతిలో పట్టుకుని వెళ్ళాలి. అప్పుడు గానీ నేను తండ్రినని నాకు అనిపించదు.

వీడియో కాల్‌లో పాప ముఖం కనిపించేది. గోడ చూపించేవాణ్ణి, కొత్త చెక్క చూపించేవాణ్ణి. మొదట్లో అర ఎన్నోది అయిందని అడిగేది. తర్వాత "షోన్, నాన్నా" అని, బాగుందని ఒక్క మాట అనేసి పక్కకు చూసేది. హోంవర్క్ ఉండి ఉంటుందనుకున్నాను.

షెడ్డుకు అప్పుడప్పుడూ నా సహోద్యోగి వచ్చేవాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, ఇంట్లో గోల భరించలేక వస్తున్నానని చెప్పేవాడు గానీ వచ్చేది నా కోసమే. ఒకరోజు నేను తేమ కొలిచే మీటర్ గోడకు ఆనించి చూస్తుంటే అన్నాడు: "భయ్యా, గోడ ఆరిందా లేదా అని రోజూ చూస్తున్నవ్. పాపను చూసి ఎన్ని దినాలైంది?"

"పాప కోసమే గదా చేస్తున్న," అన్నాను.

రెండు వారాలు అతనితో సరిగ్గా మాట్లాడలేదు నేను. నిజం చెప్పినవాడి మీద అలగడంలో నన్ను మించినవాడు లేడు.

మరుసటి ఆగస్టుకు అన్నీ అయ్యాయి. గ్యాస్ పరీక్ష, బండి పరీక్ష, రెండింటికీ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది, రెండూ పాసయ్యాయి. పాపను వాళ్ళమ్మ కార్లో తీసుకొచ్చి దింపింది. కారు తలుపు తెరుచుకోగానే నేను అలవాటుగా కిందికి చూశాను. ముఖం అక్కడ లేదు. పైన ఉంది.

బండెక్కింది. అలమర తలుపు తీసి మూడు అరలూ చూసింది, వేలితో నునుపు చూసింది, చాలా బాగుందంది. తర్వాత మంచం మీద పడుకుంది. మోకాళ్ళు మడిచింది. నేను చూస్తున్నానని సర్దుకుని, పక్కకు తిరిగి, మడిచినట్టు తెలియకుండా ఇంకోలా మడిచింది. బెత్తెడు పైనే ఎదిగింది నా బిడ్డ. ఆ బెత్తెడులో ఒక్క వేలెడు కూడా నేను చూడలేదు.

"అలమర తీసేస్త బిడ్డా, గంట పని," అన్నాను.

"వద్దు నాన్నా. ఐనె నాహ్ట్, పాస్ట్ షోన్." ఒక్క రాత్రికి సరిపోతుందట.

మూడు వారాలు కాదు, ఒక్క రాత్రి. సోమవారం నుంచి స్నేహితురాళ్ళతో ఈత శిబిరం ఉందట. సముద్రం మాటేమిటని అడిగాను. నెమ్మదిగా, తప్పు తనదన్నట్టు, జర్మన్‌లో చెప్పింది. చలికాలమంతా ప్రతి శుక్రవారం, రేపు నాన్న వస్తున్నాడా అని అమ్మను అడిగేదట. తర్వాత అడగడం మానేసిందట. చెప్పేసి నా చెయ్యి పట్టుకుని, పర్లేదు నాన్నా అంది. పదేళ్ళు దాటిన పిల్ల నన్ను ఓదార్చింది. నేను ఏడ్చాను.

ఆ రాత్రి పక్క ఊరి చెరువు దగ్గర పడుకున్నాం. మా బండి చేసిన ప్రయాణం అంతే. ఇప్పుడు నెలకు రెండు శనివారాలు రైలెక్కుతాను. తన పనులన్నీ అయ్యాక మిగిలిన గంట నాకిస్తుంది. మళ్ళీ ఎదిగింది.

తర్వాతి వసంతంలో బండి అమ్మకానికి పెట్టాను. ఒక జర్మన్ కుటుంబం వచ్చింది, భార్యాభర్తలూ ఒక చిన్న కూతురూ. అతను కార్లో కూర్చుంటే నేను వెనక నిలబడి లైట్లు చెప్పాను. ఎడమ, కుడి, బ్రేకు, అన్నీ వెలిగాయి. గోడ ఇంత పొడిగా ఉన్న పాత బండిని చూడలేదని ఆమె మెచ్చుకుంది. దీంట్లో ఎక్కడెక్కడికి వెళ్ళారని అతను అడిగాడు. చెరువు దాకా అన్నాను.

లోపలి నుంచి వాళ్ళ కూతురు పిలిచింది. అప్పటికే బూట్లు విడిచి వెనక మంచం ఎక్కేసింది. వెల్లకిలా పడుకుని కాళ్ళు బారుగా చాపుకుంది. కాళ్ళ దగ్గర సరిగ్గా రెండు వేళ్ళ జాగా ఉంది.