పొట్టు మెషీనుకి ఆయుధపూజ

మా అల్లుడు ద్వారకానాథ్ ఇరవైఆరేళ్లు ఆస్ట్రేలియాలో, టూవూంబా యూనివర్సిటీలో లెక్కలు చెప్పాడు. రిటైరైన వారానికే కారుని గరాజులోంచి గెంటి, అక్కడ రంపాలు పెట్టాడు. అంతకుముందు ఆయన గోడకి మేకు కొట్టగా చూసినవాళ్లు లేరు. మొదట చేసిన స్టూలు మీద కూర్చుంటే నేనొకవైపు, అదొకవైపు పడ్డాం. అయినా మానే మనిషి కాదు. రెండేళ్లకి తలుపులు సరిగ్గా మూసుకునే అలమర చేసేశాడు.

ఈలోగా రంపపు పొట్టు ఆయన ఛాతీలోకి చేరింది. నాలుగు మెట్లెక్కితే లోపల ఈల. మా అమ్మాయి కాత్యాయని ఆసుపత్రిలో నర్సు. వీపుకి చెవి ఆనించి తేల్చేసింది.

"ఇంకొక్క తేడా వచ్చిందా, కారు లోపలికొస్తుంది, రంపాలు బయటికెళ్తాయి."

ఆ భయంతో ఆయన పొట్టు లాగే మెషీను కొన్నాడు. డస్ట్ కలెక్టర్ అంటారట. కింద మోటారు, పైన పెద్ద సంచీ, పక్కన లావుపాటి గొట్టం. అది వచ్చాక అల్లుడికి మడి ఎక్కువైంది. మెషీను లాగుతున్నా మూతికి మాస్కు. పనయ్యాక కూడా కాసేపు తిప్పి ఆపడం. సంచీ నిండకుండానే పెరట్లోకి తీసుకెళ్లి ఖాళీ చేయడం. ఓసారి నేను చీపురు తీస్తే అడ్డం వచ్చాడు.

"ఊడవకండి అత్తయ్యగారూ, సన్నపొట్టు లేస్తుంది. ఊపిరితిత్తుల్ని పాడుచేసేది అదే."

"మరి నేలెవరు శుభ్రం చేస్తారు బాబూ?"

"గొట్టంతో లాగేస్తా. మేకులూ ఇనపముక్కలూ మాత్రం పోకూడదు. నిప్పురవ్వ పుడితే సంచీ అంతా అంటుకుంటుంది."

ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

దసరాకి ఆయుధపూజ చేశాం. రంపాలకి పసుపు, ఉలులకి బొట్లు. పొట్టు మెషీను ముందు అగరొత్తి వెలిగించి, "స్విచ్చి వెయ్యండి" అన్నాను.

"పూజకి తిప్పడమెందుకండీ?"

"మా ఊరి రైసుమిల్లులో మోటారు తిప్పే హారతిచ్చేవాళ్లు. పడుకున్నదానికి దణ్ణం పెడితే ఏం తెలుస్తుంది?"

"అగరొత్తి దూరంగా పట్టుకోండి మరి" అంటూ, పెద్దదాన్ని కాదనలేక వేశాడు. నేను అగరొత్తిని గొట్టం మూతి ముందు మూడుసార్లు తిప్పుదామనుకున్నాను. రెండోసారికే అగరొత్తి కొస విరిగి, ఎర్రగా గొట్టంలోకి పోయింది.

ఆయన వెంటనే ఆపేశాడు. అప్పటికే కాలిన కంపు. "సంచీ ముట్టుకోకండి, విప్పితే భగ్గుమంటుంది" అని నన్ను బయటికి తెచ్చి ఫోన్ చేశాడు. ఫైరింజను వచ్చింది. ఇద్దరు బూట్లవాళ్లు సంచీని పెరట్లోకి తీసుకెళ్లి నీళ్లతో తడిపి తడిపి ఆర్పారు. వాళ్లలో పెద్దాయన మోటారు మీద కుంకం చూసి ఏమిటని అడిగాడు. ఏడాదికోసారి పనిముట్లకి దణ్ణం పెట్టుకుంటామని అల్లుడు చెప్పాడు. ఆ పెద్దాయన కాస్త ఆలోచించి, పైఏడు పూలతో సరిపెట్టుకోమన్నాడు.

వాళ్లు వెళ్లాక కాత్యాయని మొదలుపెట్టింది. "లెక్కలు చెప్పిన మనిషేనా మీరు? పొట్టు సంచీ పక్కన నిప్పేమిటి? రేపే అన్నీ అమ్మేస్తున్నా."

ఆయన గడ్డిలోకి చూస్తూ నిలబడ్డాడు. నా పేరెత్తలేదు. పూజప్పుడు అమ్మాయి వంటింట్లో ఉంది, ఏమీ చూడలేదు. నేను నోరు మూసుకుంటే అక్కడితో సరి. తప్పు నాదని నేనెప్పుడూ ఎవరితోనూ అన్నదాన్ని కాదు. మా ఆయన ఆ మాట వినకుండానే పోయాడు. కానీ అల్లుడు మాస్కుని మడతలుపెడుతూ, మళ్లీ విప్పుతూ ఉన్నాడు.

"ఆయన్ననకే. నిప్పు నాది. మెషీను తిప్పమన్నదీ నేనే" అన్నాను.

కాత్యాయని నన్ను చూసి, మొగుడి వైపు తిరిగింది. "మరి చెప్పరేమండీ?"

"స్విచ్చి వేసింది నేనే కదా."

అది ఆయన చేతిలోంచి మాస్కు లాక్కుని దులిపింది. చివరికి, "సరే. గరాజు ఉంటుంది. కొత్త సంచీ కొనుక్కోండి. లోపలికి నిప్పు రాకూడదు. అమ్మ కూడా రాకూడదు" అంది.

ఇప్పుడు నేను గరాజు బయట కుర్చీ వేసుకుని, అల్లుడు మాస్కు పెట్టుకున్నాడో లేదో చూస్తుంటాను. మోటారు మోతలోనూ నా గొంతు ఆయనకి బాగానే వినిపిస్తుంది.