ఏడో పాఠంలో ఆగిపోయే లాప్‌టాప్

ఆవిడని అందరూ మైకు అంటారు. మరిది మాత్రం వదినా అంటాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో బస్టాండులో మైకు పట్టుకుని చెప్పడం ఆవిడ ఉద్యోగం. కానీ ఆ పేరు ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టడమే ఆ గొంతుతో పుట్టింది. బడిలో ఆవిడ పాఠం చదువుతుంటే పక్క తరగతి పిల్లలు కూడా అదే రాసుకుంటున్నారని వాళ్ల టీచరు వచ్చి మొత్తుకునేదట. పెళ్లయి వచ్చాక అత్తగారు "నెమ్మదిగామ్మా, వీధి వీధంతా వినాలా" అని చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. కొత్త కాపురంలో భార్య చెప్పిన రహస్యం మర్నాడు పక్కింటాయన నోట విని మొగుడు సిగ్గుతో సగం చచ్చాడు.

ఆ ఇంట్లో ఆ గొంతుని ఒక్క మాట అననివాడు మరిది. అప్పటికి బడికి వెళ్లే పిల్లాడు. ఒకరోజు భోజనాల దగ్గర తల వంచుకుని తింటూనే "వదిన మాట్లాడుతుంటే ఇంట్లో మనుషులున్నట్టుంటుంది" అన్నాడు. వాడు ఆ మాట అని మరిచిపోయి ఉంటాడు. ఆవిడ మరిచిపోలేదు. ఆ రోజు నుంచి వాడికోసం కొండ మీది కోతినైనా తెచ్చిపెట్టడానికి సిద్ధంగా ఉంది.

ఆ పిల్లాడు పెద్దవాడై నీళ్ల ఆఫీసులో పైపులు బాగుచేసే పనిలో చేరాడు. నడివయసుకి రాకుండానే కళ్లు మసకలు కమ్మడం మొదలెట్టాయి. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేసి చేతులెత్తేశారు. చూపు మొత్తం పోయాక ఆఫీసువాళ్లు ఇంటికి పంపేయకుండా ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు, అదీ తాత్కాలికంగా. నిబంధనల పరీక్ష పాసైతే ఆ కుర్చీ అతనిది. తప్పితే ఆ కుర్చీలోకి వేరేవాళ్లు వస్తారు. పరీక్ష దగ్గర పడుతోంది. గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్న మనిషి ఇక ఇంట్లో గోడలే పట్టుకుని తిరగాలా, లేక రోజూ పొద్దున్నే తయారై ఆఫీసుకి వెళ్లాలా అన్నది ఆ పరీక్షకి చదవాల్సిన నిబంధనల పుస్తకం చేతిలో ఉంది.

ఆ పుస్తకమో, ఏ కాలంనాటి అచ్చో తెలీదు. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఫోన్లో ఉండే యంత్రం గొంతుకి చూపిస్తే "పైపు లీకు" అన్నదాన్ని "పాపు లోకు" అని చదివింది. అంధుల గ్రంథాలయం వాళ్లు ఒక ప్రోగ్రాం ఇచ్చారు. లాప్‌టాప్‌లో దాన్ని తెరిచి మనిషి పైకి చదివితే చాలు, అది రికార్డు చేసుకుంటుంది. తర్వాత మరిది దగ్గరున్న చిన్న పెట్టెలో పేజీ నంబరు నొక్కి ఎక్కడ కావాలంటే అక్కడ వినొచ్చు. దానికి ఉన్న చిక్కు ఒక్కటే. పాఠం చివరిదాకా చదివి "ముగించు" అని నొక్కితేగానీ అది ఏదీ దాచుకోదు. మధ్యలో ఆగిందా, చదివిందంతా గాలికి పోయినట్టే.

ఇంట్లో ఉన్న లాప్‌టాప్ ముసలిది. మూత ఒక మూల విరిగింది, 'క' మీట గట్టిగా నొక్కితేగానీ పడదు. అయినా మైకు దాన్నే ముందేసుకుని, మచ్చుకి ముందుమాట రెండు పేజీలూ చదివి ముగించి మరిదికి వినిపించింది. అతను విని నవ్వాడు.

"బాగుంది వదినా. కానీ నీ వెనకాల ఎవరో కూర్చుని పొయ్యి ఊదుతున్నట్టున్నారు."

లాప్‌టాప్ లోపలి ఫ్యాను చప్పుడది. మరిది అన్నది వేళాకోళానికి. మైకు మాత్రం వేళాకోళాన్ని కూడా ఉద్యోగంలాగా తీసుకునే మనిషి. బస్టాండులో జీవితమంతా రొద మీద యుద్ధం చేసింది, ఈ పిసరంత ఫ్యాను ఒక లెక్కా? బట్టల బీరువా కింది అర ఖాళీ చేసి, పాత బొంత నాలుగు మడతలు వేసి పరిచి, అందులో లాప్‌టాప్‌ని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టి, పక్కలకి శాలువాలు కుక్కింది. తను పీట వేసుకుని బీరువాలోకి తల దూర్చి, గొంతు తగ్గించి, పెద్దమనిషి తరహాలో చదివింది. ఇంతమంది ఇన్నేళ్లు చెప్పినా తగ్గని గొంతు మరిది చదువు కోసం తగ్గింది. ఫ్యాను చప్పుడు మచ్చుకైనా వినబడలేదు. మైకు మురిసిపోయింది.

ఆరు పాఠాలు అలాగే పూర్తయ్యాయి. అవి చిన్నవి, పైగా చలికాలం. ఏడో పాఠం పుస్తకంలోకెల్లా పొడుగుది, పైపులు పగిలినప్పుడు ఎవరు ఏం చెయ్యాలన్నది. పరీక్షలో సగం ప్రశ్నలు అందులోంచే వస్తాయని ఆఫీసులో అందరూ చెప్పారు. మైకు ఆ పాఠం మొదలుపెట్టేసరికి ఎండలు కూడా మొదలయ్యాయి. సగం చదివాక తెర మీద గొంతుతో పాటు ఎగిరే గీత కదలడం మానేసింది. మీట నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆపి మళ్లీ వెలిగించింది. చదివిందంతా పోయింది. మర్నాడు మళ్లీ చదివింది, మళ్లీ అక్కడక్కడే కొయ్యబారింది. మూడోసారి ఇంకా ముందే ఆగింది.

"దానికీ ఆ పాఠం నిద్ర తెప్పిస్తోంది" అన్నాడు మొగుడు. ఆయన పార్సిల్ ఆఫీసులో గుమస్తా. ఏ వస్తువైనా పాడైతే పెట్టెలో పెట్టి పైన తాడు కట్టేయడమే ఆయనకి తెలిసిన వైద్యం. "ముసలిదైపోయింది. పోనీ వదిలెయ్. వాడికి ఎదురుగా కూర్చుని చదివి చెప్పు."

"నేను బస్టాండులో ఉన్నప్పుడు ఎవరు చదువుతారు? మీరు చదువుతారా?"

"నాకు కళ్లజోడు మార్చాలి" అని ఆయన నీళ్లు నమిలాడు.

పోనీ అన్న మాట మైకు నోట రాదు. లాప్‌టాప్‌ని సంచిలో వేసుకుని రిపేరు షాపుకి వెళ్లింది. షాపతను అద్దాల బల్ల మీద పెట్టి మధ్యాహ్నమంతా నడిపాడు. పాటలు పెట్టాడు, సినిమా పెట్టాడు, ఏవో పరీక్షలు చేశాడు. అది బుద్ధిమంతుడిలా నడిచింది. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గిన పిల్లని చూసినట్టు మైకు దాన్ని కోపంగా చూసింది.

"ఏమీ లేదండీ. మొత్తం చెరిపేసి కొత్తగా వేయమంటే వేస్తాను" అన్నాడు అతను.

"చెరిపేస్తే ఆ ప్రోగ్రాం పోతుందిగా?"

"పోతుందండి."

"అయితే వద్దు నాయనా" అని తిరిగి సంచిలో వేసుకుంది. ఇంటికొచ్చి ఏడో పాఠం తెరిచింది. పావు వంతు చదివేసరికి అది మళ్లీ గుడ్లప్పగించింది. మైకు బీరువాలోంచి తల బయటికి తీసింది. ఏడుపు వచ్చింది. గోడకవతల గదిలో మరిది ఆరో పాఠం పదేపదే వింటున్నాడు, కొత్తది లేక. అది చెవిన పడి ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది.

బస్టాండులో బస్సు రాకపోతే దానికో పద్ధతి ఉంది. కంగారు పడి ఊరంతా ఫోన్లు చెయ్యరు. బయలుదేరిన చోటు నుంచి మొదలుపెట్టి, దారిలో ఒక్కొక్క స్టాపుకీ వరసగా ఫోను చేస్తారు. "మీ దగ్గర దాటిందా?" దాటింది. తర్వాతి స్టాపు. దాటింది. ఎక్కడ "దాటలేదు" అంటారో దానికీ ముందు స్టాపుకీ మధ్యన బస్సు ఉన్నట్టే. కళ్లతో చూడని బస్సుని మైకు అలా ఎన్నిసార్లు పట్టుకుందో. లాప్‌టాప్ కూడా ఆగిపోయిన బస్సే కదా అనుకుంది.

మొదటి స్టాపు గోడలోని ప్లగ్గు. వంటింటి ప్లగ్గుకి తీగ లాగి బీరువా దాకా తెచ్చి చదివింది. ఆగింది. అయితే ప్లగ్గుది తప్పు కాదు, దాటింది. తర్వాత ఛార్జరు. బస్టాండు టికెట్ల గదిలో అలాంటిదే ఉంటే బతిమాలి తెచ్చింది. ఆగింది. దాటింది. లాప్‌టాప్‌కి తగిలించే చిన్న మైకు తీగ మార్చింది. ఆగింది. ఏడో పాఠంలోనే ఏదో శాపం ఉందేమోనని దాని బదులు రెండో పాఠాన్ని తిప్పి తిప్పి చదివింది. అదీ ఆగింది. ప్రతిసారీ ఒక్కటే మార్చింది, రెండు కలిపి మార్చలేదు. రోజూ ఉద్యోగం నుంచి వచ్చి చెప్పులు విప్పగానే ఇదే పని. తల ప్రాణం తోకకొచ్చింది. మొగుడు తిండి తనే వండుకోవడం నేర్చుకున్నాడు.

ఒక సెలవురోజు ఆవిడ లాప్‌టాప్‌ని భోజనాల బల్ల మీద పెట్టి, చప్పుడు ఎలా వస్తే అలా రానిమ్మని ఉత్తినే రికార్డు నొక్కి, కూరగాయలు తరుగుతూ కూర్చుంది. తరగడం అయింది. వంటయింది. మొగుడు తిని లేచాడు. తెర మీద గీత కదులుతూనే ఉంది. మైకు చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. షాపులో ఆగలేదు, బల్ల మీద ఆగలేదు, బీరువాలో ఆగింది. బల్లకీ బీరువాకీ మధ్యన ఉంది బస్సు.

లాప్‌టాప్‌ని మళ్లీ బొంతలో కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టింది. ఈసారి అది కొయ్యబారగానే తిట్టుకుని లేచిపోకుండా, శాలువాల మధ్యనుంచి చెయ్యి పోనిచ్చి కింద తడిమింది. చెయ్యి చుర్రుమంది. ఇస్త్రీపెట్టె ముట్టుకున్నట్టే ఉంది. గాలి పీల్చుకోవలసిన రంధ్రాలన్నీ బొంతలో కూరుకుపోయి ఉన్నాయి.

మైకు నేల మీద చతికిలబడింది. అరుస్తోందని దాని నోరు నొక్కింది ఎవరో కాదు, తనే. నెమ్మదిగా, నెమ్మదిగా అని జీవితమంతా తనని అందరూ ఏం చేశారో తను దాన్ని అదే చేసింది. అదీ ప్రేమతో, నాలుగు మడతలు వేసి మరీ. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. మొగుడు కంగారుగా వచ్చి చూసి, చేతిలో తాడు లేనందుకో ఏమో, మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"ఊపిరాడలేదండీ దానికి" అంది మైకు.

"ఎవరికి?"

"మనింటి ముసలిదానికి."

మర్నాడు ఆవిడ లాప్‌టాప్ వెనక మూత మరలు విప్పించడానికి షాపతని దగ్గరికే వెళ్లి, ఎదురుగా నిలబడి, బ్రష్షుతో ఫ్యాను దులిపించింది. బొంత నూలు ఉండలు ఉండలుగా బయటపడింది. "దీన్ని ఎక్కడ పెట్టి వాడుతున్నారండీ?" అని అడిగాడతను. మైకు సమాధానం చెప్పకుండా సంచి సర్దుకుంది.

ఇంటికొచ్చి గిన్నెలు ఆరబెట్టే స్టాండు బోర్లించి, భోజనాల బల్ల మీద పెట్టి, దాని మీద లాప్‌టాప్ పెట్టింది. కింద గాలి ధారాళంగా ఆడుతోంది. కిటికీలు తెరిచింది. ఫ్యాను పొయ్యి ఊదడం మొదలుపెట్టింది, ఇదివరకటికంటే జోరుగా. దాని మీద తన మాట వినబడాలంటే మార్గం ఒక్కటే ఉంది, అది ఆవిడకి చిన్నప్పటి నుంచి వచ్చినదే. ఏడో పాఠం తెరిచి, ప్రయాణికులంతా విని పరుగెత్తుకొచ్చే గొంతుతో అందుకుంది. "పైపు పగిలినట్లు సమాచారం అందిన వెంటనే" అనేసరికి వీధిలో వెళ్తున్న సైకిలతను ఆగి కిటికీ వైపు చూశాడు. పక్కింటాయన గోడ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. మైకు ఆగలేదు. గొంతు బొంగురుపోతే మంచినీళ్లు తాగి మళ్లీ ఎత్తుకుంది. లాప్‌టాప్ కూడా రొప్పుతూ రొప్పుతూ ఆవిడ పక్కనే నడిచింది. ఆఖరి పేజీ ఆఖరి మాట చదివి "ముగించు" నొక్కింది. అది దాచుకుంది.

పాఠాన్ని మరిది పెట్టెలోకి ఎక్కించి, చేతిలో పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడింది. "చప్పుడొస్తుంది అబ్బాయ్, ఇక దాన్ని ఆపడం నా వల్ల కాదు" అంది. అతను తలాడించి చెవికి పెట్టుకున్నాడు. మైకు వంటింట్లోకి వెళ్లి, పనేమీ లేకపోయినా గిన్నెలు అటూ ఇటూ సర్దింది.

చాలాసేపటికి మరిది గోడ తడుముకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"వదినా, ఆ ఆరు పాఠాలు చదివింది ఎవరు?"

"నేను కాక ఎవరు చదువుతారు?"

"ఎవరో పెద్దావిడ రేడియోలో చదువుతున్నట్టుండేది. నువ్వు బీరువాలో తల పెట్టి అంత కష్టపడుతుంటే చెప్పలేక ఊరుకున్నాను. వింటూ వింటూ నిద్రపోయేవాణ్ణి. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఇవాళ నువ్వు చదివావు. నీ మొహం కనబడింది వదినా."

మైకుకి మాట రాలేదు. ఆ ఇంట్లో అది అరుదు కాబట్టి అతను కంగారు పడ్డాడు.

"ఏమైంది వదినా?"

"మరి ఆ పొయ్యి మాట ఎందుకన్నావు?"

"ఊరికే, నవ్వుతావని."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పరీక్షకి ఉన్న రోజులు తలుచుకుంది, తన సెలవులు తలుచుకుంది. పుస్తకం మొదటికి తిప్పింది.

"అయితే ఆరు పాఠాలూ మళ్లీ చదవాలన్నమాట."

"అడగడానికి మొహం చెల్లలేదు."

"అడగలేదుగా, నేనే చదువుతున్నాను. ఇక్కడే కూర్చుని విను." లాప్‌టాప్ తెరిచి స్టాండు మీద సరిగ్గా జరిపింది. ఫ్యాను పొయ్యి ఊదసాగింది. గోడకవతల పక్కింటాయన కుర్చీ జరుపుకున్న చప్పుడైంది. మైకు మీట నొక్కి, గొంతు సవరించుకుని, వీధి వీధంతా వినేలా ఒకటో పాఠం మొదలుపెట్టింది.