చిట్టి బిళ్ళ

మా ఆస్పత్రి మందుల గదికి శిక్షణకు వచ్చిన మొదటి రోజే రెబెకా నా చేత తిట్లు తింది. నా నోరు పెద్దదని టౌనంతా చెప్పుకుంటారు. అవునండీ, పెద్దదే. ఈ ప్రభుత్వాసుపత్రిలో మందుల కిటికీ వెనక ఫార్మసిస్టుగా నిలబడీ నిలబడీ కాళ్ళు వాచినదాన్ని, ఖాదర్‌బీని. మిరపకోతల రోజుల్లో ఈ కిటికీకి వచ్చే జనాన్ని చూస్తే ఎవరి నోరైనా పెరుగుతుంది. ఆ రోజు ఒక ముసలాయన చీటీ ఇలా అందించాడో లేదో, ఆ పిల్ల బిళ్ళలు చకచకా కత్తిరించి, పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టేసింది. అవేమిటో చెప్పలేదు, దేనికో చెప్పలేదు.

"ఏమ్మా, ఇదేమన్నా బఠాణీల కొట్టనుకున్నావా?" అన్నాను.

"మా ఊళ్ళో మందుల కొట్టులో ఇట్టాగే కట్టేదాన్నండి" అంది, తప్పేమిటో తెలియక.

ఆ ముసలాయన్ని వెనక్కి పిలిచి పొట్లం విప్పించాను. "మందు పేరు చెప్పాలి. దేనికో చెప్పాలి. ఎప్పుడు వేసుకోవాలో చెప్పాలి. చెప్పి ఊరుకుంటే చాలదు, ఆయన చేత తిరిగి చెప్పించాలి. ఆయన చెప్పిందాకా కిటికీ దగ్గర్నుంచి కదలనివ్వకు" అన్నాను. తలూపింది. తిట్టినందుకు మొహం ముడుచుకోలేదు, అదే నాకు నచ్చింది.

వాళ్ళది మిరపచేల మధ్య ఊరు, మా టౌనుకు ఆటోలో అరగంట. తండ్రి జయరావు దాని చిన్నప్పుడే పోయాడు. తల్లి ప్రేమమ్మ పత్తి తీతలకూ మిరప కోతలకూ పోయి కూతుర్ని ఇంటరు దాకా చదివించింది. ఆవిడ కోరిక ఒక్కటే: తనలాగా ఎండలో వంగి బతక్కుండా, పిల్ల నీడపట్టున పని చేసుకోవాలి. అందుకే ఇంటరు అయ్యాక రెబెకా ఊళ్ళో కోటేష్ మందుల కొట్టులో రెండేళ్ళు పనిచేసింది. తర్వాత ఫార్మసీ అసిస్టెంటు శిక్షణ ఉందని తెలిసి మా దగ్గరికి వచ్చింది.

కోటేష్ కొట్టులో 'సెట్టు' అని ఒకటుంది. ఒక్క అతని కొట్టేమిటిలెండి, అలాంటి కొట్లు ఇంకా ఉన్నాయి. సాయంత్రం కూలీల ఆటోలు చేల నుంచి తిరిగొచ్చి కొట్టు ముందు ఆగుతాయి. నడుములు పట్టేసిన ఆడవాళ్ళు దిగి, "అన్నా, ఒక సెట్టియ్యి" అంటారు. ఒక నొప్పి బిళ్ళ, ఒక గ్యాసు బిళ్ళ, వాటితోపాటు పెసరబద్దంత బిళ్ళ ఒకటి. దాన్నే అందరూ చిట్టి బిళ్ళ అంటారు. పేరు రెబెకాకీ తెలియదు. మూడో డబ్బాలోంచి తీయమని కోటేష్ చెప్పాడు, తీసింది. పొద్దున్నే సెట్టు వేసుకుంటే మోకాళ్ళు నూనె రాసినట్టు కదులుతాయి. ఆ పొట్లాల్లో కొన్ని తల్లి కోసం ఇంటికి తీసుకెళ్ళేది.

ప్రేమమ్మ ఒళ్ళు చేసింది. ఎండు మిరపకాయలాంటి మొహం నిండుగా, గుండ్రంగా అయింది. ఆదివారం చర్చిలో, "వందనాలు ప్రేమమ్మా, దేవుడు నీ మొహాన ఎంత కళ పెట్టాడమ్మా!" అనేవాళ్ళు. కూతురి సంపాదన ఒంటికి పట్టిందని తల్లి మురిసిపోయేది, తల్లిని చూసి కూతురు మురిసిపోయేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు పొద్దున శిక్షణ పిల్లలకు స్టెరాయిడ్ల గురించి చెబుతూ ఒక బిళ్ళ తీసి అరచేతిలో చూపించాను. ప్రాణం నిలబెట్టే మందే, కానీ డాక్టరు లేకుండా ఇష్టమొచ్చినట్టు మింగితే ఒంటిని లోపల్నుంచి తినేస్తుందని చెప్పాను. రెబెకా ఆ బిళ్ళ వంకే చూస్తోంది.

"మేడమ్, ఇది వాడితే మొహం నిండుగా అవుద్దా?"

"అవుద్ది. చూసినవాళ్ళు ఆరోగ్యమనుకుంటారు. అది వాపు తల్లీ. లోపల ఎముకలు గుల్లవుతుంటాయి."

రెబెకా పుస్తకం మూసేసింది. కడుపులో నొప్పిగా ఉందని చెప్పి, సెలవడిగి వెళ్ళిపోయింది. మిగతా పాఠం మధ్యాహ్నం మిగిలిన ఇద్దరికీ చెప్పాను. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒళ్ళు దాన్ని తాను తయారుచేసుకోవడం మానేస్తుందనీ, అలవాటైనవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందనీ, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలనీ చెప్పాను. ఆ ముక్క వినాల్సిన పిల్ల అప్పటికి ఇంట్లో పొట్లాలన్నీ ఏరి పొయ్యిలో వేస్తోంది.

"కోతలు నెత్తి మీద పెట్టుకుని ఇదేం పనే?" అందట ప్రేమమ్మ.

"ఇవి మందులు కావమ్మా, విషం. ఇంక ముట్టుకోకు."

"నువ్వు వద్దంటే వద్దులే" అని తల్లి కోతకు పోయింది. కూతురి మాటకు ఎదురు చెప్పడం ఆవిడకు చేతకాదు.

ఆ వారంలోనే ప్రేమమ్మ చేలో వాంతులు చేసుకుని, సాలు మధ్యలో కూలిపోయింది. కూలీల ఆటోలోనే మా ఆస్పత్రికి తెచ్చారు. డ్యూటీలో ఉన్న డాక్టరు శ్రీదివ్య గారు చూశారు. బీపీ అందడం లేదు. వడదెబ్బేమోనని సెలైన్ ఎక్కించమన్నారు. నేను సీసాలు పట్టుకుని పరిగెత్తాను, నా వెనకే రెబెకా. మంచం మీద ఉన్నది వాళ్ళమ్మని నాకు అప్పుడే తెలిసింది. ఆ గుండ్రటి మొహం చూడగానే పాఠంలో రెబెకా అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

"ఈమె ఏమన్నా మందులు వాడుతుందా?" డాక్టరు గారు అడుగుతున్నారు.

"ఏ మందులూ లేవండి, గుండ్రాయిలాగుండేది" అంది తోడొచ్చిన కూలి వెంకటరావమ్మ.

రెబెకా నా వంకా, డాక్టరు గారి వంకా చూసింది. నోరు విప్పితే శిక్షణలోంచి తీసేస్తారేమో, తల్లి కోరుకున్న ఆ నీడపట్టు ఉద్యోగం అక్కడితో సరేమో. నాకు అర్థమవుతూనే ఉంది. నేను చెబుదామని నోరు తెరిచేలోపే అది ముందుకొచ్చింది.

"వాడిందండి. స్టెరాయిడ్. రెండేళ్ళు. నేనే కట్టిచ్చాను. మొన్న నేనే మానిపించాను."

డాక్టరు గారు ఇంకేమీ అడగలేదు. "ఖాదర్‌బీ గారూ, హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్, తొందరగా" అన్నారు. అదీ స్టెరాయిడే. నేను అల్మారా తెరుస్తుంటే రెబెకా నా కొంగు పట్టుకుంది. "మానిపించినందుకా మేడమ్? మానిపించినందుకే ఇట్టా అయిందా?" అవునన్నాను. ఇంజెక్షన్ దాని చేతికిచ్చి పరిగెత్తమన్నాను.

చీకటి పడే వేళకు బీపీ నిలబడింది. బతికింది మహాతల్లి. కోటేష్ మీద నేనే పైవాళ్ళకు రాసి పంపాను. కొన్నాళ్ళు కొట్టు మూతపడింది. తర్వాత మళ్ళీ తెరిచాడు. తెరవమని వెళ్ళి అడిగింది ఆ కోతల ఆడవాళ్ళేనట. ఇంక ఎవర్ని తిట్టమంటారు నన్ను?

మర్నాడు పొద్దున డాక్టరు గారు రాసిన బిళ్ళలు రెబెకా చేతే పంపాను, నేనూ వెంట వెళ్ళాను. అందులో చిట్టి బిళ్ళ ఉంది. ఇక మీద నెలల తరబడి తగ్గించుకుంటూ రావలసింది దాన్నే. రెబెకా దాన్ని వేళ్ళతో తీసి పట్టుకుంది. ప్రేమమ్మ కూతుర్ని చూసి నవ్వి, బిళ్ళ వంక చూడనైనా చూడకుండా నోరు తెరిచింది.

"ఇదేంటో అడగవేంటమ్మా?" అంది రెబెకా.

"నువ్విచ్చాక అడిగేదేముందే?"

రెబెకా మంచం పక్కన చతికిలబడి భోరుమంది. "అడుగమ్మా. నీ కాళ్ళు మొక్కుతా, అడుగు. నేనిచ్చినా అడుగు."

ప్రేమమ్మకు ఏమీ పాలుపోక నా వంక చూసింది. నేను తలూపాను. బిళ్ళను చేతిలోకి తీసుకుంది. మిరపకాయల ఎరుపు ఇంకా వదలని చెయ్యి.

"సరే. ఏందిది?"

రెబెకా కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. పేరు చెప్పింది. దేనికో, ఎప్పుడు వేసుకోవాలో, ఎలా తగ్గించుకుంటూ రావాలో చెప్పింది. తల్లి చేత తిరిగి చెప్పించింది.

"మొత్తం మానేశాక నొప్పులో?" అంది ప్రేమమ్మ.

"మళ్ళీ వస్తాయమ్మా."

"కోతలకు పోగలనా?"

రెబెకా తల దించుకోలేదు. "పోలేవమ్మా."

ప్రేమమ్మ అరచేతిలోని బిళ్ళ వంక చూసింది.

"నీళ్ళియ్యి" అంది.